తెరెసా ఫోటోకి ఏ లెన్సు

శౌరి ఫోకస్ పుల్లర్. అంటే సినిమా కెమెరా పక్కన నిలబడి, నటులు కదిలినప్పుడల్లా లెన్సు రింగు తిప్పుతూ వాళ్ళ ముఖం మసకబారకుండా చూసే మనిషి. టైటిల్స్‌లో అతని పేరు వచ్చేసరికి హాల్లో జనం బండి తాళాలు వెతుక్కుంటుంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఎంతమంది హీరోయిన్ల కళ్ళకి వెంట్రుకవాసి తేడా రాకుండా కాపలా కాశాడో లెక్కలేదు. పెళ్ళాం ఫోటో మాత్రం ఒక్కటీ సరిగ్గా తీసిన పాపాన పోలేదు.

ఆ సంగతి తెరెసాయే గుర్తుచేసింది. ఆమె చెంపలోపలి పుండు క్యాన్సరని తేలింది. ఎడమ దవడ కొంత తీసేస్తారనీ, ముఖం మారిపోతుందనీ డాక్టరు ముందే చెప్పాడు. గురువారం ఆసుపత్రిలో చేరాలి.

"ఏవండీ, ఈ ముఖం ఉన్నప్పుడే ఒక్క ఫోటో తియ్యండి. ఫోన్లో వద్దు, మంచి కెమెరాతో," అంది యూసుఫ్‌గూడ ఇంట్లో బట్టలు మడతపెడుతూ.

బుధవారం శౌరి ఫిల్మ్ నగర్‌లో కెమెరాలు అద్దెకిచ్చే ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ సామాను చూసుకునే తిరుమలేశ్ సంగతంతా విని, కెమెరాతోపాటు రెండు లెన్సులు బల్లమీద పెట్టాడు.

"అన్నా, జూమ్ తీస్కపో. ఇల్లు ఇరుకున్నా ఫికర్ లేదు, ఉన్నకాణ్నుంచే దగ్గర దూరం చేస్కోవచ్చు. లేకుంటే గీ ప్రైమ్. గిది జూమ్ గాదు గని తక్కువ వెలుతుర్ల మస్తుగొస్తది. రెండిట్ల గూడ ఆటోఫోకస్ ఉంది. వదిన కన్ను అదే పట్టుకుంటది, నువ్వు బటన్ నొక్కుడే."

శౌరికి ఎక్కడో కాలింది. "ఇన్నేళ్ళు ఫోకస్ లాగినోణ్ణి. మా ఆవిడ కన్ను మిషను పట్టుకోవాలా?"

సంచిలోంచి, చేత్తోనే ఫోకస్ తిప్పాల్సిన తన పాత మాన్యువల్ లెన్సు తీశాడు. కొత్తవి ముఖం మీద ప్రతి గీతనీ, ప్రతి మచ్చనీ పట్టిచూపిస్తాయి. ఇది చర్మాన్ని వెన్నలా చూపిస్తుంది. తెరెసాని అలా చూపించాలని అతని ఆశ. అందులో పొగరు లేదా అంటే, బోలెడుంది.

"నీ ఇష్టం అన్నా. జర స్క్రీన్ల చూస్కుంట తియ్యి," అన్నాడు తిరుమలేశ్.

గురువారం పొద్దున తెరెసా నీలం చీర కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. శౌరి షూటింగులో చేసినట్టే చేశాడు. కెమెరాని స్టాండుకి బిగించి, ఆమె కంటికొస దాకా టేపు పట్టి కొలిచాడు. నాలుగడుగుల రెండంగుళాలు. రింగు అక్కడ పెట్టాడు. వెలుతురు చాలక లెన్సు పూర్తిగా తెరిచాడు. అలా తెరిస్తే ముఖం అంగుళం జరిగినా మసకే. ఆ తర్వాత కెమెరాలోంచి చూడలేదు. అతని తరం ఫోకస్ పుల్లర్లు చూడరు. పక్కన నిలబడి మనిషినే చూస్తూ, మనిషి జరిగినంత మేర చేత్తో రింగు జరుపుతారు. నాలుగు ఫోటోలు తీశాడు. చిన్న స్క్రీన్‌లో అన్నీ బాగానే కనిపించాయి. ఇంతలో ఆటో వచ్చింది.

ఆపరేషనయిన ఆరోరోజు ఆ ఫోటోల్ని ఆఫీసులో పెద్ద మానిటర్ మీద తెరిచారు. నాలుగింటిలోనూ తెరెసా చెవి కమ్మ, వెనక జుట్టు, వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ముఖం మాత్రం అలికేసినట్టుంది. భర్త మాట వినడానికి ఎప్పుడూ వంగినట్టే, కాస్త ముందుకు వంగింది. అతని చెయ్యి రింగు జరపలేదు. తిరుమలేశ్ టీ తేవడానికి వెళ్ళాడు. శౌరి నాలుగు ఫోటోల్నీ మళ్ళీ మొదట్నుంచీ తెరిచి చూశాడు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాడు. తెరెసా గొంతులో గొట్టం ఉంది, మాట రాదు. ముఖమంతా వాచి, కుట్లు. పలక మీద రాసి చూపించింది: "ఫోటో బాగా వచ్చిందా?"

వచ్చిందని చెప్పాలనే బయల్దేరాడు. తీరా ఆమెను చూశాక అబద్ధానికి నోరు రాలేదు.

"పాడుచేశానే తెరెసా. పొగరుకు పోయి పాడుచేశాను," అని మంచం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమె పలక మీద రాసింది తుడిచేసింది. తర్వాత మెల్లగా రాసింది: "పోనీలెండి. మీరు చూశారుగా. తీసినంతసేపూ నన్నే చూశారు."

శౌరి తల ఊపాడు. రింగు మీద చెయ్యి వేసిన దగ్గర్నుంచీ తన కళ్ళ నిండా నీళ్ళేననీ, ఆ నాలుగు ఫోటోలు తీస్తున్నప్పుడు ఒక్కసారీ ఆమె ముఖం తనకి కనిపించలేదనీ చెప్పలేదు. ఇక ఎప్పటికీ చెప్పడు.