వంక లేని గాజు

మా పెద్ద బావకి చిన్న బావ మీద అసూయ ఉందంటే ఆయన ఒప్పుకోడు. “నాకెందుకు అసూయ? వాడి దగ్గర ఏముందని?” అంటాడు. ఆ ‘ఏముందని’లోనే ఉంది అంతా. నేను ఆయనకి ఒక్కగానొక్క బావమరిదిని, పైగా ఇద్దరం ఒకే కెమెరా లెన్సుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాం. కాబట్టి ఈ సంగతి నాకంటే బాగా తెలిసింది మా పెద్దక్కకి మాత్రమే.

ఆయనది సానగది. తిరిగే పళ్లెం మీద గాజుబిళ్ల పెట్టి, పొడి కలిపిన నీళ్లు పోస్తూ, వేళ్లతో నొక్కి వంపు తెచ్చే పని. ఎక్కడ ఎంత నొక్కాలో ఎవరూ చెప్పలేరు, చెయ్యికి తెలియాలంతే. ఆ బుద్ధి ఇంటికొచ్చినా వదలదు. మంచినీళ్లిస్తే గ్లాసు వెలుతురుకి ఎత్తి చూస్తే గానీ తాగడు. నా కళ్లజోడు కనబడితే లాక్కుని తుడిచి, “ఎవడు చేశాడ్రా దీన్ని?” అని చిరాకుపడతాడు, చేసినవాడు నేనే అయినట్టు.

చిన్న బావ ఆయనకి తోడల్లుడు. పెళ్లయిన కొత్తలో ఉద్యోగం లేక తిరుగుతుంటే ఫ్యాక్టరీలో పెట్టించింది పెద్ద బావే. కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే. చిన్న బావని, యంత్రంతో బిళ్లలు నొక్కి తీసే అచ్చుగదిలో వేశారు. అక్కడ తెల్ల అంగీలు, మూతికి గుడ్డలు, చేతికి తొడుగులు. మట్టినీళ్లు మోచేతుల దాకా కారే సానగదికీ దానికీ మధ్య ఒక్క గోడే, కానీ చూడటానికి ఇటు వంటిల్లు, అటు ఆసుపత్రి.

ఆ అచ్చుగదిలోంచి వచ్చింది గీతల పలక. మామూలు గాజు తన దళసరితో, వంపుతో వెలుగుని వంచుతుంది. ఈ పలక అలా కాదు. చూడటానికి పల్చటి బిళ్ల. దాని మీద వెంట్రుక కంటే సన్నటి మెట్లు ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రంగా ఉంటాయి, వెలుగుని వంచేది ఆ మెట్లే. దళసరి గాజులు కొన్ని తీసేసి ఈ పలక ఒక్కటి పెడితే మోచెయ్యంత లెన్సు జానెడైంది. బరువూ ఆ మేరకు తగ్గింది. ఇక ముందు దూరపు లెన్సులన్నీ ఇలాగే ఉంటాయని మా పెద్దాఫీసరు అందరితో అనడం మొదలుపెట్టాడు.

సానగదిలో గీత అంటే తప్పు. ఒక్క గీత పడితే బిళ్ల చెత్తబుట్టలోకే. అలాంటిది, ఒళ్లంతా గీతలున్నదాన్ని మెచ్చుకుంటున్నారంటే పెద్ద బావకి కంపరం ఎత్తింది. దానికి ‘గ్రామఫోన్ రికార్డు’ అని పేరు పెట్టాడు. చిన్న బావ ఎదురైతే, “ఏం, ఇవాళ పాటేమన్నా పాడిందా?” అని అడిగేవాడు. చిన్న బావ నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు ఈయనకి ఇంకా మండేది.

ఇంట్లోనూ అదే గొడవ. మా అమ్మ ఒక ఆదివారం అల్లుళ్లిద్దరికీ వడ్డిస్తూ, “ఇంత పొడుగుదాన్ని చిన్నల్లుడు ఇంత చేశాడటగా” అని చెయ్యి చాపి చూపించింది. ఆవిడకి లెన్సంటే ఏమిటో తెలియదు, ఎవరో చెప్పిన మాట. పెద్ద బావ విస్తరి ముందు నుంచి లేవలేదు గానీ తిన్నదీ లేదు. సాగనంపడానికి వెళ్తే దారిలో నాతో, ఇన్నేళ్లలో తన గాజు గురించి మా అమ్మ ఒక్క ముక్క అన్న పాపాన పోయిందా అని అడిగాడు. నేనేం చెప్పను? నిజంగానే అనలేదు.

మొదటి నమూనాలు పరీక్షగదికి వచ్చాయి. ఆ గది నాదే. చీకట్లో దూరంగా దీపం పెట్టి లెన్సులోంచి చూస్తాం. దీపం చుట్టూ వద్దన్నా వలయాలు కనిపించాయి, ఆ పలక గీతల వల్లే. పని లేకపోయినా వచ్చి నిలబడ్డ పెద్ద బావ, నన్ను పక్కకి జరిపి కన్ను పెట్టాడు. చాలాసేపు తీయలేదు. ఆ రోజు ఇంటికెళ్లి అక్కతో సరదాగా కబుర్లు చెప్పాడట. ఒంట్లో బాగాలేదేమోనని అక్క భయపడింది.

కానీ అచ్చుగదివాళ్లు ఊరుకోలేదు. గీతలు లోపలికి ఉండేలా రెండు పొరలు అతికించారు, వలయాలు చాలావరకు తగ్గిపోయాయి. మిగిలింది రంగు. ఏ గాజైనా వస్తువుల అంచున కాస్త రంగు పూస్తుంది. పలక కూడా పూస్తుంది, కానీ తిరగేసి. గాజు ఎరుపు పెట్టిన చోట ఇది నీలం పెడుతుంది. రెంటినీ పక్కపక్కన పెడితే ఒకదాని తప్పుని ఒకటి తినేస్తుంది. అయితే ఆ పక్కన పెట్టే గాజు వంపు సరిగ్గా సరిపోవాలి.

ఆ గాజు సానపట్టే పని పెద్ద బావకి వచ్చింది. లెన్సు నెగ్గితే దళసరి గాజుల పని తగ్గి సానగది మూసేస్తారని, నెగ్గకపోతే పాత పద్ధతే కొనసాగుతుందని అందరికీ తెలుసు. పెద్ద బావ బల్ల ఉంటుందో ఊడుతుందో ఆ ఒక్క బిళ్ల మీద ఉంది. బొటనవేలు ఒక్క పిసరు ఎక్కువ నొక్కితే చాలు, బల్ల దక్కుతుంది. ఆయన నొక్కుతాడనే నేను అనుకున్నాను. తప్పు పట్టేవాణ్ని కూడా కాదు.

ఉండబట్టలేక ఆ మాటే అడిగితే ఒంటికాలి మీద లేచాడు.

“నా గాజులో వంక ఉంటే వాడు దాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకుంటాడు. వంకంటూ ఉంటే ఆ రికార్డులోనే ఉండాలి. అందరూ చూడాలి.”

ఇక ఆయన సానపట్టిన తీరు చూడాలి. ఎవరినీ పలకరించలేదు, బల్ల దగ్గర ఇంకొకరిని నిలబడనివ్వలేదు. కొలతకి సరిపోయినదాన్ని కూడా మళ్లీ పళ్లెం ఎక్కించాడు. ప్రేమతో చేస్తే అంత బాగా వచ్చేది కాదేమో. కళ్లల్లో నిప్పులు పోసుకుని చేశాడు.

లెన్సు బిగించి తెచ్చారు. నేను చూశాను. అంచుల్లో రంగు లేదు. దీపం దీపంలాగే ఉంది.

“ఏదీ, వంక?” అన్నాడు వెనకనుంచి పెద్ద బావ.

“లేదు బావా.”

“సరిగ్గా చూడు.”

మళ్లీ చూశాను. లేదు. పెద్దాఫీసరు వచ్చి చూసి, ఆ గాజు ఎవరు చేశారని అడిగాడు. అందరూ పెద్ద బావ చుట్టూ చేరారు. పలక గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. యంత్రం నొక్కి తీసేదానికి ఎవరి చెయ్యని అడుగుతారు? చిన్న బావ మొహం మాడిపోయింది. ఆ మాడిన మొహం చూసి పెద్ద బావ కడుపు చల్లబడింది. తన బల్ల సంగతి ఆయనకి ఆ పూట గుర్తే లేదు.

గుర్తుచేసింది చిన్న బావే. తర్వాతి ఆదివారం మా ఇంట్లో, అందరి ముందూ.

“అన్నయ్యా, మీ గాజు మా గదికి తెచ్చారు. దాని వంపు కొలిచి అచ్చు చేయిస్తున్నారు. ఇక అన్నీ అచ్చంగా మీరు చేసినట్టే వస్తాయి.”

జాలిపడి చెప్పాడో, కసి తీర్చుకున్నాడో నాకు తెలియలేదు. రెండూ ఉన్నాయనే నా అనుమానం.

పెద్ద బావ నీళ్లగ్లాసు వెలుతురుకి ఎత్తకుండానే తాగేశాడు. “నాదానికంటే మంచిది దొరకలేదా?” అని మాత్రం అడిగాడు. దొరకలేదని చిన్న బావ ఒప్పుకున్నాడు. అమ్మ ఏదో అర్థమైనట్టు, “పెద్దల్లుడి చెయ్యే చెయ్యి” అంది. ఇన్నేళ్లకి అంది.

తిరిగి వెళ్తూ పెద్ద బావ సందు చివర ఆగి నా కళ్లజోడు తీసుకుని తుడిచాడు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచాడు.

“ఒక్క గీతైనా ఉంచాల్సిందిరా.”

“ఈసారి అవకాశం ఇస్తే ఉంచుతావా బావా?”

కళ్లజోడు నా చేతిలో పెట్టాడు.

“వాడి పలక పక్కనా?” అన్నాడు. “చచ్చినా ఉంచను.”