రఫీ భాయ్ డబ్బాలో పంతొమ్మిది పిన్నులు

నిన్న పొద్దున పదకొండింటికి ఫోనొచ్చింది. దాచేపల్లి సిమెంట్ ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నా.

రఫీ భాయ్ బామ్మర్ది. "బావ పోయాడు శీనూ, కరెంట్ కొట్టింది" అన్నాడు.

ఏ బావ అని అడిగా. చూడండి, మనసు ఎంత దొంగదో. వాడికున్న బావ ఒక్కడే.

నరసరావుపేటలో మోటార్ వైండింగ్ షాపు రఫీ భాయ్. పాత సింథసైజర్, అదే నాబులు తిప్పితే రకరకాల శబ్దాలు పలికే కీబోర్డు, కనపడితే చాలు, ఇంటికి మోసుకొచ్చే రఫీ భాయ్. మూతబడ్డ ఆర్కెస్ట్రాల దగ్గర, పాత సామాన్ల కొట్లల్లో వెతికి వెతికి తెచ్చేవాడు. ఈ పోస్ట్ చదివే మీలో సగం మందికి కీబోర్డు రిపేర్ చేసింది ఆయనే.

ఇరవై ఏళ్ళు కరెంటుతోనే బతికినోడు. ఆయన్ని కరెంట్ కొట్టిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మట్లా.

నేను నమ్మా. ఎందుకో చెప్తా. ముందు ఆయన ఎట్టాంటోడో చెప్పనీండి.

ఒకసారి రొంపిచెర్ల నుంచి ఒక రైతు వచ్చాడు. బోరు మోటార్ ఏదో శబ్దం చేస్తందంట. ఎట్టాంటి శబ్దమో చెప్పలేక నోటితో గుర్ర్‌మంటన్నాడు పాపం. రఫీ భాయ్ సింథ్ ఆన్ చేసి రెండు నాబులు తిప్పాడు. ఇట్టానా? ఇంకొంచెం గరగరా? అని అడగతా ఉన్నాడు. మూడోసారికి ఆ రైతు, అదే నా మోటారు అని కుర్చీలోంచి లేచాడు. బేరింగ్ పోయిందని అక్కడే తేలిపోయింది.

నా ఫోన్లో యాప్ చూపించి, ఇందులో వంద సింథ్‌లు ఉన్నాయి భాయ్ అంటే తీసిపారేశాడు. అద్దం రుద్దినట్టుంది, తిప్పేదానికి ఏముంది దాన్లో అన్నాడు. చానా మొండి మనిషి.

ఇక అసలు సంగతి.

రెండేళ్ళ కింద ఆయన షాపులో నలుగురం కూర్చున్నాం. ఎప్పుడో జపాన్ నుంచి వచ్చిన పాత సింథ్, ఇనప బాడీ. స్పీకర్లో ఒకటే హమ్. తేనెపట్టు పక్కన కూర్చున్నట్టుంది. ఏం చేసినా పోవట్లా.

నేను చెప్పా. ప్లగ్గులో పైన లావుపాటి పిన్ను ఉంటదే, ఎర్త్ పిన్ను, అది పీకెయ్యమని. ఆర్కెస్ట్రా వాళ్ళు చానామంది చేసే పనే.

ఆయన ఒప్పుకోలా. బాడీకి కరెంట్ వస్తే దిగిపోయే దారి అదొక్కటే, అది తీస్తే ఎట్టా అన్నాడు.

"మోటార్లు చుట్టేటోడివి, నీకే భయమా భాయ్?" అన్నా.

అందరూ నవ్వారు.

ఆ మాట అన్నది నేనే. ఎర్త్ లేకుండా మోటార్ మీద చెయ్యేస్తే మా ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయిద్ది. రోజూ పొద్దున మీటింగులో అదే చెప్తారు.

ఆయన స్క్రూ తిప్పి పిన్ను పీకాడు. హమ్ ఆగిపోయింది. అబ్బ, ఎంత హాయిగా ఉందో అప్పుడు.

అప్పట్నుంచి ఆ సింథ్ ముట్టుకుంటే వేళ్ళ మీద చీమలు పాకినట్టుండేది. సలాం చెప్తందిలే అని నవ్వేవాడు.

మొన్న వానాకాలంలో నేనే బాడీకి టెస్టర్ పెట్టి చూశా. లైట్ వెలిగింది. సన్నగానే, కానీ వెలిగింది. రికార్డింగ్ మధ్యలో ఉన్నాం కదా అని టెస్టర్ జేబులో పెట్టుకున్నా. నోరు తెరవలా.

నిన్న పొద్దున షాపు కడిగారు. నేలంతా తడి. చెప్పుల్లేకుండా నిలబడి, ఒక చెయ్యి సింథ్ మీద పెట్టి, ఇంకో చేత్తో మైకు పట్టుకున్నాడంట. మన మాట సింథ్ గొంతులో వినపడేటట్టు చెయ్యాలని నెల నుంచి తంటాలు పడతన్నాడు.

ఒక్క మాట కూడా పూర్తిగా రాలేదంట.

సాయంత్రం మట్టి ఇచ్చొచ్చాం. శుక్రవారం, జుమ్మా రోజు పోయాడు, అదృష్టవంతుడు అన్నారు. రాసిపెట్టి ఉంది అన్నారు. నేను తలూపతా నిలబడ్డా. అంత పిరికోణ్ణి.

ఇయ్యాల పొద్దున రఫీ భాయ్ వాళ్ళమ్మ దగ్గరికి పోయా, అంతా చెప్పేద్దామని. నేను నోరు తెరిచేలోపే ఆమె ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఇత్తడియ్యి, రఫీ దాచాడు, నీకేమన్నా పనికొస్తాయేమో చూడు నాయనా అంది.

మూత తీశా.

ఎర్త్ పిన్నులు. లెక్కపెడితే పంతొమ్మిది.

నా తెలివి ఆయన దగ్గర ఆగలేదు. హమ్ వస్తంది భాయ్ అని ఎవరొచ్చినా, ఒక పిన్ను పీకి పంపించాడు. చర్చిలోళ్ళకి, పెళ్ళి బ్యాండ్లకి, ఇళ్ళల్లో నేర్చుకునే ఆడపిల్లలకి. మేలు చేస్తన్నా అనుకున్నాడు.

అప్పుడు చెప్పేశా. ఏడుస్తా మొత్తం చెప్పేశా. ఆమె తిట్టలా. ఓదార్చలా. డబ్బా వైపు చూసి ఒక్కటే అడిగింది.

"మిగతావాళ్ళకి చెప్పావా?"

చెప్పలేదమ్మా. ఇప్పుడు చెప్తన్నా.

పొద్దున్నుంచి నేనూ, బామ్మర్దీ ఆయన ఫోన్ ముందేసుకుని అందరికీ ఫోన్లు చేస్తన్నాం. ఒక పిన్ను ఆయన సింథ్‌దే. పదకొండు మంది దొరికారు. ఇంకా ఏడు ఎక్కడున్నాయో తెలీదు. గురజాల వైపో, మాచర్లలోనో.

రేపు ఆదివారం. పొద్దున్నే ప్రార్థనలకి కీబోర్డులు ఆన్ చేస్తారు.

రఫీ భాయ్ చేత రిపేర్ చేయించుకున్నోళ్ళు ఎవరైనా సరే, ముందు ప్లగ్గు చూడండి. మూడు పిన్నులు ఉండాల్సిన చోట రెండే ఉంటే స్విచ్ వెయ్యొద్దు. వేళ్ళకి కొంచెం తిమ్మిరే కదా అనుకోవద్దు. నాకు ఫోన్ చెయ్యండి. ఏ ఊరైనా సరే, నేనే వచ్చి బాగు చేసి పోతా.

నన్ను తిట్టుకోండి, పర్లేదు. కానీ ఇది షేర్ చెయ్యండి, దండం పెడతా.

రఫీ భాయ్, అల్లా నీకు చల్లని చోటివ్వాలి.

ఆ ఏడుగురూ దొరికేదాకా నాకు నిద్ర లేదు. నువ్వు మాత్రం ప్రశాంతంగా పడుకో.