కప్పు తలుపు

వెల్డా ముప్ఫై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. నెబ్రాస్కాలో, మొక్కజొన్న చేల మధ్య మట్టిదారుల్లో. ఏడాదికి రెండుసార్లు బస్సును బడి ముందు ఆపి, మంట అంటుకుందనుకోండి అని పిల్లలకు చెప్పేది. కొందరు వెనక తలుపులోంచి, కొందరు కప్పు తలుపులోంచి దిగేవాళ్లు. ఆమె చేతిలో గడియారం ఉండేది. రెండు నిమిషాలు దాటితే బస్సు కాలిపోయినట్టే. అందరూ మళ్లీ ఎక్కాలి. డ్రైవరు అందరికన్నా చివర దిగాలి. ఆ నియమాన్ని ఆమె ఏనాడూ తప్పలేదు.

ఇప్పుడు ఆమెకు డెబ్బై ఒకటి. భర్త ఆర్విన్‌కు డెబ్బై ఆరు. ధాన్యం గోదాములో దుమ్ము పీల్చి పీల్చి అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగు చలికాలాలుగా ఇద్దరూ అరిజోనా ఎడారిలో, పికప్ ట్రక్కు వీపున బిగించిన చిన్న ఇంట్లో ఉంటున్నారు. ఆ పొడిగాలి అతనికి పడింది. ఈ ఏడు డాక్టరు ఆక్సిజన్ యంత్రం ఇచ్చాడు. నిద్రలో గంటసేపు కూడా ఆపొద్దన్నాడు. కరెంటున్న చోటికి మారమన్నాడు. వాళ్లకు అందే అలాంటి చోటు వృద్ధాశ్రమమే. ఆర్విన్ తమ్ముడు అలాంటి చోటే గోడకేసి చూస్తూ పోయాడు.

"నన్నక్కడికి తీసుకెళ్లేటట్టయితే శవాన్నే తీసుకెళ్లు" అన్నాడు ఆర్విన్.

జనరేటరు పొగకు అతను గుక్కతిప్పుకోలేక దగ్గుతాడు. ఇక మిగిలింది ఎండ.

లాన్జో ఎడారి అంచున ఒక రేకుల కొట్టులో సోలార్ ప్యానెళ్లు బిగిస్తాడు. టేపు పట్టుకుని కప్పెక్కి, కాసేపు అటూ ఇటూ కొలిచి, అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"ఏసీ పెట్టె ఉంది, పంకా ఉంది, ముందు వైపు పడకకు పైన కప్పు తలుపుంది. ఇక మిగిలిందెంతమ్మా? చిన్నవి రెండు పడతాయి. ఈ చలికాలపు ఎండకి తెల్లారగట్ల మూడింటికల్లా బ్యాటరీ చేతులెత్తేస్తుంది."

"ఆయన ఆరింటికి లేస్తాడు" అంది వెల్డా.

"అదే నేనూ చెబుతున్నా."

"మూడింటికే లేపెయ్" అన్నాడు ఆర్విన్, నీడలో మడత కుర్చీలోంచి. ముక్కుకు గొట్టం ఉంది. "ఇద్దరం కాఫీ తాగుదాం."

వెల్డా లాన్జోకేసే చూస్తోంది.

"కింద నేల మీద పరిచేవి లేవా?" అని అడిగింది.

"ఉన్నాయి. గాలి ఎత్తుకుపోతుంది, గాలి వదిలేస్తే మనుషులు ఎత్తుకుపోతారు. అట్టలాంటి పల్చటివి కూడా ఉన్నాయి. తలుపు మీదే అంటించెయ్యొచ్చు, తలుపుతో పాటే లేస్తాయి. కానీ కింద గాలాడదు. వేడికి మాడిపోతాయి. రెండు వేసవులు, అంతే."

"రెండు వేసవులా? నాకన్నా గట్టివేరా" అన్నాడు ఆర్విన్. "అవే పెట్టు."

"ఆగిపోయే ముందు చెబుతాయా?" అంది వెల్డా.

లాన్జో తల అడ్డంగా ఊపాడు. "చెప్పవు. అందులో ఒక గడి మాడితే సగం కరెంటు పోతుంది. పొద్దున లేచి చూసుకుంటే గానీ తెలీదు."

ఆమె ఆర్విన్ ముక్కుకున్న గొట్టంకేసి చూసింది.

"గాజువి, పెద్దవి?"

"రెండు వేస్తే రాత్రంతా ఢోకా లేదు. కానీ ఒకటి కప్పు తలుపు మీదుగా వస్తుంది. తలుపిక తెరుచుకోదు."

ఆ ఇంట్లో పడకకీ వెనక తలుపుకీ మధ్య గ్యాసు పొయ్యి ఉంది. మంట పుడితే అక్కడే పుట్టాలి. పుడితే కప్పు తలుపు తప్ప దారి లేదు. అది ముగ్గురికీ తెలుసు.

"పెద్దవే పెట్టు లాన్జో."

"పెట్టకు" అన్నాడు ఆర్విన్. ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వెలా బయటపడతావే?"

"నువ్వెలా పడతావ్?"

"నేను పడను. మెట్టెక్కితేనే నాకు ఆయాసం. అది నీ తలుపు."

"డ్రైవరు చివర దిగాలి."

"ఇది బస్సు కాదు వెల్డా."

"చక్రాలున్నాయి. తాళం నా దగ్గరుంది. బస్సే."

లాన్జో టోపీ తీసి చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు. ఆర్విన్ ఎడారికేసి చూస్తూ, "ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకళ్ల మాట విన్నది కాదు, ఇప్పుడు వింటుందా" అన్నాడు. లాన్జో మరలు తీసుకొచ్చాడు.

మధ్యాహ్నానికల్లా, ఏళ్లుగా కప్పు తలుపు అద్దంలోంచి దుప్పటి మీద పడుతున్న నలుచదరపు వెలుగు పోయింది.

ఆ చలికాలం వెల్డా లోపల అగ్గిపుల్ల గీయలేదు. పొయ్యిని బయట మడత బల్ల మీద పెట్టింది. ఎడారి గాలి మంటను పడుకోబెట్టేది. బీన్సు సగమే వేడెక్కేవి.

"నా అదృష్టం. ఊదుకునే పని తప్పింది" అనేవాడు ఆర్విన్.

ఆమె పొద్దున్నే లేచి బ్యాటరీ మీటరు చూసేది. అది ఒక్కనాడూ సగానికి దిగలేదు. యంత్రం ఒక్క రాత్రీ ఆగలేదు.

ఆర్విన్ ఫిబ్రవరిలో పోయాడు. మిట్టమధ్యాహ్నం, ఎండ ప్యానెళ్ల మీద దండిగా పడుతున్న వేళ. కాఫీకి నీళ్లు కాచి ఆమె లోపలికి వచ్చేసరికి యంత్రం గాలి తోస్తూనే ఉంది, లోపలికి పీల్చేవాడు లేడు. మీటరు మీద ఆకుపచ్చ దీపం నిండుగా వెలుగుతోంది. ఆమె యంత్రం ఆపకుండా చాలాసేపు పక్కన కూర్చుంది. ఆపవలసిన పని అంతకుముందు ఎప్పుడూ పడలేదు.

మూడు వారాలకు ట్రక్కు తెచ్చి లాన్జో కొట్టు ముందు ఆపింది.

"కప్పు తలుపు మీదున్నది తీసెయ్."

"సగం కరెంటు పోతుందమ్మా."

"నాకు దీపం ఒకటి వెలిగితే చాలు."

అతను మరలు విప్పి ప్యానెల్‌ను కిందికి దించాడు. డబ్బు అడగలేదు. వెల్డా వెనక తలుపు దగ్గర నిలబడి, "నీ దగ్గర గడియారం ఉందా?" అంది. "నేను 'సరే' అన్నాక చూడు."

లోపలికి వెళ్లి పడక మీద, తన వైపున, వెల్లకిలా పడుకుంది.

"సరే" అంది.

పిడి తిరిగింది. రబ్బరు అంటుకుపోయి తలుపు మాత్రం రాలేదు. పిల్లలకు నేర్పినట్టే మోకాళ్లు గుండెల దాకా ముడిచి రెండు కాళ్లతో తన్నింది. మూడో తన్నుకు లేచింది. తల, ఒక భుజం, ఆ తర్వాత మరో భుజం. మోకాలు అంచుకు గీసుకుపోయింది. చివరికి కప్పు మీదికి పాకి, మిగిలిన ప్యానెల్ పక్కన కూలబడింది. గొంతు ఆర్విన్ గొంతులా ఈల వేసింది.

"ఎంత?"

లాన్జో కింద నుంచి ఆమె రక్తం కారే మోకాలిని చూస్తున్నాడు. "నాలుగు నిమిషాల పది సెకన్లు."

"బస్సు కాలిపోయింది."

"దిగండమ్మా, నిచ్చెన వేస్తా."

ఆమె నిచ్చెనకేసి చూడలేదు. కాళ్లు తలుపులోకి వేలాడేసి, అంచు పట్టుకుంది.

"మళ్లీ చూడు" అని లోపలికి దిగింది.