తలావ్ అడుగున మా రోలు

నా చిన్నతనంలో ఒక వేసవి పొద్దున మా బాపమ్మ నా భుజానికి రోకలి ఎత్తింది. బాపమ్మ అంటే మా నాన్న తల్లి. ఆ రోకలిని ఇంట్లో ఎవరూ వాడగా నేను చూడలేదు. మూలకు ఆనించి ఉండేది. పండుగలకు పసుపు రాసేవాళ్లు, అంతే.

ముందురోజు నేను బడిలో విన్న పాఠాన్ని ఇంట్లో గొప్పగా అప్పజెప్పాను. మాది మరాఠీ నేలలో, కిన్వట్ వైపు గుట్టల మధ్య ఊరు. ఊరికి ఎగువన నిజాం కాలంలో ఒక తెల్లదొర కట్టించిన తలావ్, అంటే పెద్ద చెరువు, ఉంది. ఇప్పటికీ మా నల్లాల్లోకి వచ్చేవి ఆ నీళ్లే. దొర రాకముందు అక్కడ ఏమీ లేదని, మనిషి కాలుపెట్టని పడీక్ జమీన్ అని మా సార్ మరాఠీలో చెప్పాడు. అంటే బీడు భూమి అని బాపమ్మకు నేనే అర్థం చెప్పాను. ఆమె కోప్పడలేదు. తెల్లారి జొన్నరొట్టెలు మూటగట్టింది. ఎండుమిరపకాయలు, ఉప్పు, ఎల్లిపాయలు కొంగున ముడివేసుకుంది.

ఆ ఏడు వానలు లేక తలావ్ అడుగంటింది. దారిలో పక్కింటి తాత ఎదురై, "ఏందిరా, రోకలికి పెండ్లి జేస్తున్నవా?" అని నవ్వాడు. నేను సిగ్గుతో తల దించుకున్నాను. బాపమ్మ నడక ఆపలేదు.

"పెండ్లెప్పుడో అయింది మరిదీ. అత్తగారింటికి తోల్కపోతున్నం."

నెర్రెలిచ్చిన ఒండ్రు మీద ఆమె ఎటూ వెతక్కుండా నడిచింది. ఒక పెద్ద బండ దగ్గర కూర్చొని చేతులతో మట్టి తోడింది. ఆ బండలోనే మోచెయ్యి దిగేంత గుంత బయటపడింది. నున్నగా, గుండ్రంగా ఉంది. చెంబులో నీళ్లు పోసి కడిగి, కొంగు విప్పి అందులో వేసి, దంచమంది. రోకలి ఆ గుంతలో కుదురుగా దిగింది. ఆ చప్పుడుకు దూరాన కొంగలు లేచిపోయాయి. ఇద్దరం ఆ కారంతో రొట్టెలు తిన్నాం. నా కండ్లలోంచి నీళ్లు కారుతుంటే అప్పుడు అడిగింది.

"పడీక్ జమీన్ల రోలు ఎవ్వలు తొలిచిండ్రు బిడ్డా?"

అక్కడ ఇప్పలగూడ అనే పల్లె ఉండేదట. ఆమె కోడలిగా కాలుపెట్టిన ఇల్లు ఆ బండ పక్కనే. కట్ట లేస్తుండగా సర్కారు మనుషులు వచ్చి, మోయగలిగింది తీసుకొని పొమ్మన్నారట. ఎక్కడికి పొమ్మన్నది చెప్పలేదు.

"రోకలి తెచ్చుకున్నం. రోలు బండల ఉండె, ఎట్ల తెస్తం?" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. రొట్టెల గుడ్డ విదిలించి లేస్తూ నా ముఖంలోకి చూసింది. "తిన్నవు గదా. ఇగ తెల్వదనకు."

ఆ మాట నేను తప్పాను. బాపమ్మ పోయిన చాలా ఏళ్లకు, అదే బడిలో నేను సార్‌నయ్యాక, తలావ్ దగ్గర చరిత్ర ఫలకం పెడుతూ రాతపని నాకిచ్చారు. మొదట ఇప్పలగూడ పేరు రాశాను. కమిటీలో ఒక పెద్దమనిషి దాన్ని తీసేయమన్నాడు. పేరు ఉంటే రేపు ఎవరెవరో వచ్చి మా భూములేవని అడుగుతారన్నాడు. నా కలంతో నేనే కొట్టేశాను. పడీక్ జమీన్ అని రాసి శాలువా కప్పించుకున్నాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. తెలియక చేసిందీ కాదు. ఆ కారం తిన్నవాణ్ణి నేను.

ఫలకం మార్చమని ఇప్పుడు నేనే అర్జీ పెట్టాను. రాసింది మీరే కదా అని తిప్పి పంపారు. మళ్లీ పెట్టాను. శాలువా కప్పినవాళ్లే నాకు మతి పోయిందంటున్నారు. అననీ. నేను రాసింది అబద్ధం. అక్కడ పల్లె ఉండేది. దాని పేరు ఇప్పలగూడ. ఆ పేరు ఫలకం మీదికి ఎక్కేదాకా నా అర్జీలు ఆగవు.

ఈ వేసవి నీళ్లు తగ్గగానే రోకలి భుజానికెత్తుకొని బజారు నడుమ నుంచే నడిచాను. చిన్ననాటి సిగ్గు ఇప్పుడు లేదు. ఆ కమిటీ పెద్దమనిషి దుకాణం మెట్ల మీది నుంచి, "ఎటు పోతున్రు సార్, రోకలి వట్టుకొని?" అని అడిగాడు.

ఇంటికి పోతున్నానని చెప్పాను.