రంగు కింద పోయిన అంకెలు

నేను క్షమించే మనిషిని కాను. ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాను, పాటలు పాడతాను, కానీ జగదీశ్వర్ సేటు పేరు వింటే చాలు, ఒళ్లు మండిపోతుంది. పదిహేనేళ్ల కింద హుస్సేనీ ఆలంలోని తన ఎంబ్రాయిడరీ కార్ఖానాలో, పనివాళ్లందరి ముందు, కంప్యూటర్లు బాగుచేసే మా ఆయన డానియేలును మెడపట్టి గెంటాడు. మిషన్‌ను నడిపే కంప్యూటర్‌లో రెండు పట్టీలు కలిపి పదహారు ఎంబీ ర్యామ్ ఉండాలి. ఆ రోజు తెర మీద ఎనిమిదే కనిపించింది. మా ఆయన డబ్బా విప్పి చూస్తానంటే సేటు చూడనివ్వలేదు. ఒక పట్టీ కొట్టేశాడని "చోర్" అన్నాడు. అంతే, ఆ గల్లీల్లో మళ్లీ ఎవరూ మా ఆయనకు కంప్యూటర్ అప్పగించలేదు. మలక్‌పేటలో ఫ్యాన్లు బాగుచేస్తూ బతికాడు. మా అమ్మాయి ప్రీతిని బడిలో పిల్లలు "చోర్ కీ బేటీ" అనేవారు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేది. ఆ ఏడుపు నేను మరిచిపోతానా?

మొన్న దసరా అయిన వారానికి అదే సేటు మా గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పాత కంప్యూటర్‌లో గుండీ సెల్లు చచ్చిపోయిందట. సెల్లు పోతే, కంప్యూటర్ లేచేటప్పుడు చూసుకునే బయాస్‌లోని సెట్టింగులన్నీ పోతాయి. హార్డ్‌డిస్క్ కొలతల అంకెలు మళ్లీ చేత్తో కొట్టాలి. మా ఆయన వాటిని అప్పట్లోనే డబ్బా మూత లోపల మార్కర్‌తో రాసి పెట్టాడు. ఈ మహానుభావుడు ఆయుధపూజకని మూతను గరుకు కాగితంతో రుద్దించి, లోపలా బయటా పచ్చరంగు వేయించి, కుంకుమ బొట్లు పెట్టాడు!

"కొత్త కంప్యూటర్‌తోని మిషన్ నడుస్తలేదు. పెండ్లి చీరలు ఆగిపోయినయ్. జర చూడు భాయ్" అన్నాడు.

మా ఆయనది వెన్నలాంటి మనసు. అప్పుడే చెప్పులు వేసుకున్నాడు. ఆ అంకెల నకలు మా పాటల పుస్తకం చివరి పేజీలో ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని నేనూ బయలుదేరాను.

కార్ఖానాలో ఆయన డబ్బా విప్పి, కొత్త సెల్లు వేసి, లోపల చూస్తూ ఆగిపోయాడు. రెండో ర్యామ్ పట్టీ దాని గాడిలోనే ఉంది, ఒక కొస పైకి లేచి. పదిహేనేళ్లు అది అక్కడే ఉంది! గట్టిగా నొక్కి స్విచ్ వేశాడు. తెర మీద లెక్క ఎనిమిది దాటింది. పదహారు దగ్గర ఆగింది.

మా ఆయన కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగి, "బేబీ, పుస్తకం ఇయ్యి" అన్నాడు.

ఇవ్వలేదు.

"సేటూ, గప్పుడు అందరి ముందట చోర్ అన్నవ్. గిప్పుడు గూడ అందరి ముందట చెప్పు. లేకుంటే నీ మిషన్ గట్లనే పండుకుంటది."

"ఊకో బేబీ, లొల్లి వద్దు."

"నువ్వే ఊకో! పదిహేనేండ్లు ఊకున్నవ్, చాలదా?"

పనివాళ్లు పని ఆపి చూస్తున్నారు. సేటు తల దించుకుని, "డానియేలు చోర్ కాదు" అని నసిగాడు.

"వినవడలే."

"డానియేలు చోర్ కాదు! తప్పు నాదే!"

ఫోన్ తీసి ప్రీతికి కలిపాను. స్పీకర్ పెట్టి సేటు ముందుకు చాపాను. "మళ్ల చెప్పు. మా బిడ్డ వింటది."

చెప్పాడు.

"అమ్మా, ఇంకొక్కసారి చెప్పమను" అంది ప్రీతి.

చెప్పించాను. ఆ తర్వాతే పుస్తకం తెరిచాను.