కొండను చూసే చిన్నాయన

నా చిన్నప్పుడు నిడుగల్లు కొండ కింద ఉన్న మా ఇంటికి సెలవు దినాల్లో మా చిన్నాయన వచ్చేవాడు. ఆయన పావగడలో పిల్లలకు బొమ్మలు నేర్పే డ్రాయింగు మేష్టరు. వచ్చాడంటే ఇంటి వెనుక బండమీద రంగులు పరుచుకుని, పొద్దు వాలేదాకా కొండనే చూస్తూ కూర్చునేవాడు.

"దినామూ ఉండే కొండే కదప్పా, దాన్లో ఏముండాదని అట్ల చూస్తావు?" అనేది మా అవ్వ.

"దినామూ ఒకే మాదిరి యాడుంటాదిమ్మా!" అని నవ్వేవాడు.

నాకూ ఆ మాట అర్థమయ్యేది కాదు. కొండ అంటే రెండు గీతలు, మధ్యలో సూర్యుడు. బడిలో నేను గీసేది అంతే.

ఒకనాటి సాయంత్రం మేకల్ని తోలుకొచ్చి చూస్తే మా చూలు మేక లేదు. తెల్లటిది, అవ్వ బిడ్డలా సాకినది. కొండమీద చిరుత తిరుగుతోందని ఊరంతా అనుకుంటున్న రోజులవి. నాన్న, అవ్వ కొండ అడుగంతా పిలుస్తూ తిరిగారు. పొద్దు దిగిపోతోంది. నేను ఏడుస్తూ చిన్నాయన దగ్గరికి పరుగెత్తాను.

ఆయన లేవలేదు. బొమ్మను ఒకసారి, కొండను ఒకసారి చూశాడు. ఇప్పుడు కూడా ఈయనకు బొమ్మేనా అని నాకు కోపం వచ్చింది. కాసేపటికి కొండమీది పాత కోటగోడ కిందున్న గుండురాయి వైపు చెయ్యి చాపాడు.

"పొద్దున నేను గీసేటప్పుడు ఆడ తెల్లగా ఏమీ లేదు పాపా. ఇప్పుడేందది? రాయైతే కాదు."

నాన్నను కేకేసి ముగ్గురమూ ఎక్కాం. గుండు పక్కన మా మేక పడుకుని ఉంది. తడి ఆరని పిల్ల ఒకటి దాన్ని ఆనుకుని, కాళ్లు నిలవక తూలుతోంది. నాన్న ఆ పిల్లను తువాలులో చుట్టి గుండెకు హత్తుకున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

దిగేటప్పుడు, "నీకెట్ల తెలిసింది చిన్నాయనా?" అని అడిగాను.

"తెలిసేదేముండాది! పొద్దున్నుంచీ చూస్తా ఉండాను, అంతే" అన్నాడు.

ఆ తర్వాత చిన్నాయన రంగులు పరిచాడంటే, అల్లరి చేయొద్దని అవ్వ మమ్మల్నే అదిలించేది.

ఇప్పుడు మా తాలూకాలో వేరుశనగ పండిన నేలల్లో సోలారు పలకలు మెరుస్తున్నాయి. కొండలను గీయడానికి ఎవరెవరో వస్తుంటారు. నాకు మాత్రం బొమ్మలు రానేలేదు. అయితే ఇంట్లోవాళ్లెవరైనా గడప దాటి లోపలికొస్తే, చేతిలో పని ఆపి వాళ్ల ముఖం కాస్త నిదానంగా చూస్తాను. పొద్దున లేనిదేదో అక్కడ కనిపిస్తే, వాళ్లు చెప్పకముందే పక్కన కూర్చుంటాను.