మన మీద రాసింది మనదేనా

ఆ రోజుల్లో బేగంపేటలో ఆఫీసు, కాప్రాలో ఇల్లు. సాయంత్రం కంపెనీ క్యాబ్ దిగి గేటు తీసేసరికి నడుం విరిగినట్టుండేది. చెప్పులింకా విప్పకముందే మా మామయ్యగారి ప్రశ్న ఎదురొచ్చేది.

"ఉన్నదా బిడ్డా?"

ఆయన అడిగేది మా అత్తగారి పేజీ గురించి. ఆవిడ పోయి అప్పటికింకా ఏడాది దాటలేదు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనే తెలుగు ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నేనప్పుడు ఒక నిర్వాహకురాలిని. జీతం లేదు, తిట్లు మాత్రం దండిగా. ఊరంతా సాఫ్ట్‌వేర్ అని పరుగులు పెడుతుంటే నేనేమో ఇంటికొచ్చి చెరువుల గురించీ పేటల గురించీ రాసుకునేదాన్ని. విజయనగరం నుంచి వచ్చిన కోడలిని, ఈ ఊరిని నేర్చుకున్నది అలాగే.

రైల్వేలో రిటైరైన మామయ్యగారికి తెలుగు టైపింగు నేర్పింది కూడా నేనే. నా ఖర్మ! నేర్చుకున్న వారంలోనే ఆయన అత్తగారి పేరుతో పేజీ మొదలుపెట్టారు. ఆవిడ ఇక్కడి సర్కారు బడిలో టీచరు. రిటైరైనప్పుడు తోటి టీచర్లు అందరికీ వేసినట్టే ఆవిడకీ సన్మాన సంచిక వేశారు. శాలువా, దండ, గ్రూపు ఫోటో, తలా ఒక వ్యాసం. కూలీల గుడిసెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బడికి లాక్కొచ్చిన సంగతులు అందులో ఉన్నాయి. మామయ్యగారు ఆ సంచిక మొత్తం ఒంటి వేలితో పొడిచి పొడిచి పేజీలోకి ఎక్కించేశారు.

మర్నాటికల్లా ఎవరో సభ్యుడు దాన్ని తీసేశాడు. మనిషెవరో ఎరగం, అందులో పెట్టుకున్న మారుపేరు తప్ప. ఇది అచ్చయిన పుస్తకంలోంచి ఎత్తి రాసిందనీ, హక్కులు ఆ వ్యాసాలు రాసినవాళ్ళవనీ ఒక ముక్క రాసి పెట్టాడు.

"గిదేందమ్మా!" అన్నారు మామయ్యగారు. "మన మీద రాసింది మనది కాకుంటే ఎవరిదైతది? మిగిలిన సంచికలన్నీ మన అటక మీదనే ఉన్నయి గదా!"

పుస్తకం మనింట్లో ఉన్నంత మాత్రాన మాటలు మనవైపోవని చెప్పాను. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. చివరికి సరేనని, ఆయనే సొంత మాటల్లో మళ్ళీ రాశారు. ఎంత బాగా రాశారో! టీచరమ్మకు కోపమొస్తే చేతిలో సుద్దముక్క ఇరుగుతుండె గని పిల్లగాని మీద దెబ్బ పడకుండె, అని రాశారు. రెండుసార్లు చదువుకున్నాను.

ఈసారి ఆ సభ్యుడి అభ్యంతరం వేరే. రాసింది భర్త. బయటివాళ్ళెవరూ ఏ పేపర్లోనూ ఆవిడ గురించి రాయలేదు. సొంతవాళ్ళు సొంత మనుషుల గురించి రాస్తే ఎలా నమ్మాలి? పేజీ ఉంచాలా తీసేయాలా అని చర్చ పెట్టాడు.

"నీ చేతిల ఉన్నది గదా బిడ్డా, జెర ఆపరాదు?" అన్నారు మామయ్యగారు.

నా చేతిలో ఉండబట్టే ఆపలేను. ఆ మధ్యే మా మేనేజరు, "నువ్వక్కడ పెద్ద మనిషివటగా, మన కంపెనీకి ఒక మంచి పేజీ రాసిపెట్టు" అంటే, జీతం తీసుకునే చోటు గురించి రాయకూడదని మొహం మీదే చెప్పొచ్చాను. ఆయనకో న్యాయం, మా ఇంటికో న్యాయమా? అందుకే ఆవిడ మా అత్తగారనీ, నేను ఎటూ చెప్పననీ చర్చలో రాసి బయటికొచ్చేశాను. పేజీ పోయింది.

"నేను రాయకుంటే ఇంకెవరు రాస్తరమ్మా ఆమె గురించి?" అన్నారాయన. ఆ తర్వాత నాతో మాటలు తగ్గించేశారు. అన్నం పెడితే తినడం, లేచి వెళ్ళడం. "మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకండి" అని మా ఆయన తప్పుకున్నాడు. మంచివాడే! ఆఫీసులో చాకిరీ, ఇంట్లో ఈ మౌనం. ఆ నిబంధనలన్నీ మూటగట్టి మోండా మార్కెట్లో పడేసి రావాలనిపించేది.

ఒక ఆదివారం నేను కాప్రా చెరువు పేజీ దిద్దుతున్నాను. పాత ఫోటో ఒక్కటీ లేదని గొణుక్కుంటుంటే మామయ్యగారు లోపలికెళ్ళి ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. చెరువు నిండుగా ఉంది, చుట్టూ ఒక్క ఇల్లు లేదు. ఒడ్డున ఒకావిడ, వెనక్కి తిరిగి నీళ్ళ వైపు చూస్తోంది.

"పెండ్లయిన కొత్తల నేనే తీసిన, దోస్తు కెమెరాతోని. ఇటు తిరుగంటె తిరగలే టీచరమ్మ."

తీసింది ఆయనే, హక్కు ఆయనదే. ఎవరూ కాదనలేరు. తీసినవారుగా ఆయన పేరు పెట్టి ఎక్కించాం.

"కింద ఆమె పేరు?"

"రాయకూడదు మామయ్యా. పేజీ చెరువుది."

మర్నాటి నుంచి గేటు దగ్గర "ఉన్నదా బిడ్డా?" మళ్ళీ మొదలైంది, ఈసారి ఫోటో గురించి. ఆ పిలుపు వినగానే సగం అలసట దిగేది.

కొన్నాళ్ళకి ఎవరో, చెరువు ఫోటోలో మనిషెందుకు, ఆ భాగం కత్తిరిస్తే బాగుంటుంది అని చర్చ పెట్టారు. ఒళ్ళు మండింది. అయినా ఏం చేయను? ఆవిడ మా అత్తగారు, ఈ విషయంలో నేను మాట్లాడకూడదు అని మళ్ళీ అదే ముక్క రాశాను. ఆ సాయంత్రం మామయ్యగారికి ఇంకా ఉందనే చెప్పాను. రేపటి సంగతి చెప్పలేదు.

మర్నాడు జవాబొచ్చింది. మునుపు పేజీ తీయించిన ఆ సభ్యుడే రాశాడు. ఇంటికి రాగానే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను.

"మనిషి పక్కన ఉంటేనే ఆ చెరువు ఎంత పెద్దదో తెలుస్తోంది. ఆమెను ఉండనివ్వండి."

మామయ్యగారు కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"చెరువు కొలిచేటందుకన్నా అక్కరకొచ్చింది మా టీచరమ్మ" అని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే భోరుమన్నారు.